కాసిల్‌వేనియా చూశాక నాక్టర్న్ చూస్తే: మీ ప్రశ్నలు, మా జవాబులు

ప్రశ్న: అన్నా, మేం ముగ్గురం అమీర్‌పేట్ హాస్టల్‌లో ఒకే రూమ్. కాసిల్‌వేనియా, అదే, వీడియో గేమ్స్ నుంచి తీసిన వాంపైర్ల యానిమేషన్ సిరీస్, మొత్తం కలిసే చూశాం, అదీ రెండుసార్లు. తర్వాత దాని కొనసాగింపు సిరీస్ నాక్టర్న్ మొదలుపెడితే ఒకడు మూడో ఎపిసోడ్‌కే లేచి చాయ్‌కి వెళ్ళిపోయాడు, పాతదాని కాలిగోటికి కూడా సరిపోదంట. నాకేమో బానే అనిపించింది, కానీ బాగుంది అని వాడి ముందు గట్టిగా అనలేకపోతున్నా. నేను సర్దుకుపోతున్నానా, వాడు అన్యాయంగా మాట్లాడుతున్నాడా?
(పాఠకుడు, అమీర్‌పేట్)

జవాబు: ఇద్దరిదీ కొంచెం కొంచెం ఉంది తమ్ముడూ. ముందు మీ రూమ్మేట్ సంగతి చూద్దాం. మూడో ఎపిసోడ్ అన్నాడు కదా, పాతదాంట్లో మూడో ఎపిసోడ్ అయ్యేసరికి ఏం జరిగిందో అడుగు వాణ్ణి. 2017లో వచ్చిన మొదటి సీజన్ మొత్తం కలిపితేనే నాలుగు ఎపిసోడ్లు, మూడో దాని చివరికి వాంపైర్లని వేటాడే బెల్మాంట్ వంశం ట్రెవర్, మంత్రాలొచ్చిన సైఫా, డ్రాక్యులా కొడుకు అలుకార్డ్ ముగ్గురూ ఇంకా ఒక చోట చేరనే లేదు. అలుకార్డ్ గ్రెసిట్ ఊరి కింద శవపేటికలోంచి లేచేది నాలుగోదాంట్లో. అప్పుడు మనం ఓపిగ్గా కూర్చున్నాం, ఎందుకంటే పోల్చడానికి ముందు ఏమీ లేదు. రెండో సీజన్‌లో వాంపైర్లందరూ కోటలో కూర్చుని మీటింగులు పెట్టుకుంటూనే ఉంటారు, ఇక్కడేమో ట్రెవర్ వాళ్ళు లైబ్రరీలో పుస్తకాలు తిరగేస్తుంటారు, అప్పుడు నేనైతే ఎన్నిసార్లు ఫోన్ చూసుకున్నానో నాకే గుర్తులేదు. ఇప్పుడు అవన్నీ ఎగిరిపోయి 32 ఎపిసోడ్లలో మనకి నచ్చినవే మిగిలాయి, వాటి పక్కన కొత్త పిల్లాణ్ణి నిలబెట్టి "నువ్వు ఫలానా వాడి తమ్ముడివి కదా, మార్కులేవీ?" అంటున్నాం. స్కూల్లో మా సార్లు నన్ను అలాగే అనేవాళ్ళు, అందుకే నాక్టర్న్ మీద నాకు కాస్త జాలి ఎక్కువ, ఆ సంగతి తీసేసుకుని చదువుకో.

ఇక నీకు అడ్డం పడుతున్నది ఏంటో నాకు తెలుసనుకుంటా. విలన్. (చూడనివాళ్ళు ఇక్కణ్ణుంచి రెండు పేరాలు దాటేయండి.)

పాతదాంట్లో డ్రాక్యులా ఎందుకు చంపుతున్నాడో మొదటి ఎపిసోడ్‌లోనే మన కడుపులో దిగిపోతుంది. భార్య లీసా వైద్యం చేస్తుంటే మంత్రగత్తె అని చర్చి వాళ్ళు కట్టేసి కాల్చేశారు. ఆ తర్వాత వాడు ఊళ్ళకి ఊళ్ళు తగలబెడుతుంటే తప్పు అని తెలుస్తూనే ఉంటుంది, కానీ పూర్తిగా తిట్టలేం. రెండో సీజన్ ఏడో ఎపిసోడ్ గుర్తుందా, తండ్రీ కొడుకులు గోడలు పగలగొట్టుకుంటూ కొట్టుకుంటూ కొట్టుకుంటూ ఒక గదిలో పడతారు, అది అలుకార్డ్ చిన్నప్పటి గది. చిన్న మంచం, బొమ్మలు. డ్రాక్యులా చెయ్యి ఆగిపోతుంది, తను కొడుకుని చంపుతున్నానని అప్పుడు కనబడుతుంది వాడికి. అలుకార్డ్ ఆ మంచం కోడే విరిచి తండ్రి గుండెల్లో దింపుతాడు. అంతకు ముందు గేమ్‌లోని బ్లడీ టియర్స్ ట్యూన్ మోగినప్పుడు మీ రూమ్‌లో ఈలలు వేసుంటారు, ఈ గది దగ్గర మాత్రం ఎవడూ మాట్లాడి ఉండడు, పందెం. ఇలాంటి సీన్ చూసినవాడికి నాక్టర్న్ విలన్ ఎర్జెబెట్ బాథరీ వచ్చి సూర్యుణ్ణి మింగేస్తాను, నేనే దేవతని అంటే ఏం ఎక్కుతుంది? మన రాహువు కూడా మింగుతాడు, కానీ ఆయన కోపానికి ఒక కథ ఉంది, అమృతం దగ్గర తల పోయింది పాపం. ఈవిడకి పవర్ ఉంది, గెటప్ ఉంది, బాధ లేదు. నాక్టర్న్‌లో అసలు లోటు నాకైతే అదొక్కటే, మీ వాడు చాయ్‌కి వెళ్ళడానికి కారణం కూడా అదే అయ్యుంటుంది, వాడికి పేరు పెట్టడం రాలేదంతే.

కానీ వాడు వదిలేసిన దాంట్లోనే ఉంది సరుకు. మొదట్లోనే 1783, బోస్టన్, నాక్టర్న్ హీరో, ట్రెవర్ వంశం వాడే, పదేళ్ళ రిక్టర్ కళ్ళ ముందే వాళ్ళమ్మని ఓల్‌రాక్స్ అనే వాంపైర్ చంపేస్తాడు, చంపి ఆ పిల్లాడితో మామూలుగా మాట్లాడతాడు చూడు, మీ అమ్మ నేను ప్రేమించిన మనిషిని చంపింది, అందుకే అని. అరవడు, నవ్వడు. డ్రాక్యులా బాధలో ముక్క అక్కడుంది, ఎర్జెబెట్ దగ్గర కాదు. తొమ్మిదేళ్ళయ్యాక అదే ఓల్‌రాక్స్ మళ్ళీ ఎదురైతే మన హీరో ఏం చేస్తాడు? పారిపోతాడు! స్నేహితుల్ని అక్కడే వదిలేసి, చెట్లల్లో పడి, ఊపిరందక. ట్రెవర్ తాగుబోతే గానీ భయపడే రకం కాదు. బెల్మాంట్ అన్నవాడు కొరడా చేత్తో పట్టుకుని కూడా పారిపోవడం చూపించారంటే అక్కడ రాసినవాళ్ళకి గుండె ఉందన్నమాట. రాసినవాళ్ళు వేరే మరి, పాతది వారెన్ ఎల్లిస్, ఇది క్లైవ్ బ్రాడ్లీ టీమ్, బొమ్మలు గీసింది మాత్రం రెండిటికీ ఆస్టిన్‌లో ఉండే పవర్‌హౌస్ స్టూడియోనే. ఆరో ఎపిసోడ్‌లో తాత జూస్ట్ కలిశాక రిక్టర్‌కి మ్యాజిక్ తిరిగొచ్చే ఫైట్ ఉంది, అక్కడిదాకా మీ వాణ్ణి ఎలాగోలా కూర్చోబెట్టు, బిర్యానీ తెప్పించైనా సరే. దానికీ కదలకపోతే వదిలెయ్, వాడి టేస్ట్ వాడిది.

నువ్వైతే సర్దుకుపోవట్లేదు. 2025 జనవరిలో వచ్చిన రెండో సీజన్ కూడా చూసి అప్పుడు వాడితో గొడవ పెట్టుకో, ఎర్జెబెట్ కుడిభుజం ద్రోల్టా ముందు కథ చూపించాక విలన్ల వైపు కాస్త బరువు పెరిగింది.

ప్రశ్న: ఫ్రెంచ్ విప్లవంలోకి వాంపైర్లని తేవడం అతికించినట్టు లేదా అండీ? నేను సోషల్ టీచర్ని, బాస్టిల్, 1789 అని ఏటా తొమ్మిదో క్లాసుకి చెప్పీ చెప్పీ ఉన్నాను.
(పాఠకురాలు, దిల్‌సుఖ్‌నగర్)

జవాబు: మేడమ్, మీకు తెలియంది కాదు, ప్రభువులు జనం రక్తం తాగుతున్నారు అని మన ఊళ్ళల్లో కూడా ఊరికే అంటాం, వీళ్ళు ఆ మాటని నిజం చేసి చూపించారు, అంతే. 1792 ఫ్రాన్స్‌లో దొరలు కొందరు నిజంగానే వాంపైర్లు. కథ జరిగే మషెకూల్ ఊళ్ళో అయితే మఠాధిపతి విప్లవం మీద కోపంతో వాళ్ళతోనే చేతులు కలుపుతాడు. అది కొంచెం హడావుడిగానే ఉంది, ఒప్పుకుంటా, ఉపన్యాసాలు కూడా ఎక్కువే. కానీ రిక్టర్‌తో కలిసి పోరాడే ఆనెట్ వైపు చూడండి. సెయింట్ డొమింగ్, అంటే ఇప్పటి హైతీ, చెరుకు తోటల్లో బానిస, యజమానే వాంపైర్. అక్కడ బానిసలు తిరగబడింది 1791లో, మీ క్లాసులో ఇది రెండు లైన్లలో అయిపోతుందేమో. ఆ పిల్లకి ఇనుము మీద పట్టు ఉంటుంది, ఇనుముకి అధిపతి అయిన ఆఫ్రికా దేవుడు ఓగున్ వంశం కాబట్టి, వేసిన సంకెళ్ళ ఇనుమే ఆమె చేతిలో ఆయుధం. ఆమెతో వచ్చిన ఎడువార్డ్ ఒపెరా గాయకుడు. వాణ్ణి చంపి రాక్షసుడిగా లేపుతారు, లేచాక కూడా ఆ పంజరంలోంచి అదే గొంతుతో పాడతాడు. నాకు పాత సిరీస్ గుర్తు రాకుండా చూసింది ఆ సీన్ ఒక్కటే.

ప్రశ్న: మా వాడికి పదేళ్ళు. బొమ్మల సిరీసే కదా, పెట్టొచ్చా?
(ఒక తల్లి, సైనిక్‌పురి)

జవాబు: వద్దమ్మా! ఛోటా భీమ్ మన హైదరాబాద్ స్టూడియోలోనే పుట్టాడు కాబట్టి బొమ్మలంటే లడ్డూలే అనుకుంటాం, ఇందులో పేగులు బయటికొస్తాయి, బూతులున్నాయి, పడక సీన్లు కూడా ఉన్నాయి. 18 దాటినవాళ్ళకి తీసింది. మన బేతాళుడైతే కథ చెప్పి చెట్టెక్కుతాడు, బాబుకి ఆయన చాలు ప్రస్తుతానికి.

ప్రశ్న: గేమ్స్ ఆడకపోతే అర్థమవుతుందా? ఏది ముందు చూడాలి?
(పాఠకుడు, మియాపూర్)

జవాబు: అవుతుంది. పాతదానికి మూలం 1989 నాటి గేమ్, నాక్టర్న్‌కి 1993లో వచ్చిన రోండో ఆఫ్ బ్లడ్, నేను రెండూ ఆడలేదు, ఎక్కడా ఇబ్బంది పడలేదు. కథల మధ్య మూడు వందల ఏళ్ళు గ్యాప్ కాబట్టి నాక్టర్న్ నేరుగా మొదలుపెట్టినా నడుస్తుంది. కాకపోతే నాక్టర్న్ మొదటి సీజన్ చివర్లో అలుకార్డ్ దిగినప్పుడు పాతది చూసినవాళ్ళు సోఫాలోంచి లేస్తారు, మీరు "ఎవరండీ ఈ తెల్లజుట్టాయన?" అని పక్కవాళ్ళని అడుగుతారు. టైముంటే పాతదే ముందు చూడండి, మెట్రోలో మియాపూర్ నుంచి ఎల్బీనగర్ వెళ్ళి వచ్చేలోపు మొదటి సీజన్ అయిపోతుంది, ఇయర్‌ఫోన్స్ మర్చిపోకండి.