సమాధానం: చల్లని ఉదయాల్లో ఆగిపోయే రెండో కండెన్సర్ ఫ్యాను

మేడపై ప్యాకేజీ ఏసీలో (అన్ని భాగాలూ ఒకే పెట్టెలో ఉండే ఏసీ) రెండో కండెన్సర్ ఫ్యాను, అంటే వేడిని బయటికి వదిలే కాయిల్‌కు గాలి తోలే ఫ్యాను, ఉదయం ఆగిపోయి, మధ్యాహ్నం తిరుగుతోందని రాశారు. దయచేసి మోటారు మార్చకండి. చాలా యూనిట్లలో ఆ ఫ్యానును కావాలనే ఆపుతారు. బయట చల్లగా ఉంటే కండెన్సర్‌లో పీడనం మరీ పడిపోతుంది. గదిని చల్లబరిచే లోపలి కాయిల్‌కు ద్రవ రిఫ్రిజరెంట్ (చల్లదనాన్నిచ్చే పదార్థం) సరిపడా అందదు, దానిపై మంచు కూడా పేరుకోవచ్చు. అందుకే ప్రెజర్ స్విచ్ గానీ, ఉష్ణోగ్రత సెన్సర్ గానీ ఒక ఫ్యానును నిలిపివేస్తుంది. ప్యానెల్ తలుపు లోపలి వైరింగ్ పటంలో ఆ స్విచ్ కనిపిస్తుంది.

మండుటెండలోనూ తిరగకపోతేనే అనుమానించాలి. ఫ్యానుకు కరెంటు కలిపే విద్యుత్ స్విచ్ అయిన కాంటాక్టర్ కాయిల్‌కు వోల్టేజి, సాధారణంగా 24 వోల్టులు, వస్తోందేమో మెకానిక్‌తో కొలిపించండి. వస్తుంటే ముందు కాంటాక్టర్‌లోని కాంటాక్టులు, ఫ్యాను కెపాసిటర్ చూశాకే మోటారును అనుమానించాలి. రాకపోతే లోపం పైన చెప్పిన స్విచ్‌లో లేదా కంట్రోల్ బోర్డులో ఉండవచ్చు.

కంప్రెసర్ ఆగాక కొన్ని నిమిషాలు మొదలవకపోవడం రక్షణ టైమర్ పని. దాన్ని మాత్రం ఎవరు చెప్పినా తీయించకండి.