చిన్నప్పుడు వచ్చిన వైరస్ వల్ల సీలియాక్ వస్తుందా?

"ఏడాది లోపే పాపకు రెండుసార్లు వైరల్ విరేచనాలయ్యాయి, ఇక గోధుమ పడదా?" అని అడిగారు. కంగారు పడకండి. సీలియాక్ అంటే గోధుమలో ఉండే గ్లూటెన్ అనే ప్రొటీన్ పడక, రోగనిరోధక వ్యవస్థ సొంత పేగునే దెబ్బతీసే జబ్బు. వైరస్ ఒక్కటే ఈ జబ్బు తేలేదు. ముందు డీక్యూ2 లేదా డీక్యూ8 అనే జన్యు రకం ఉండాలి. అది ఉన్నవాళ్లలోనూ ఎక్కువమందికి జబ్బు రాదు.

అయితే వైరస్‌కు పాత్ర ఉందనే ఆధారాలు గట్టిపడుతున్నాయి. 2017లో షికాగో, పిట్స్‌బర్గ్ శాస్త్రవేత్తలు ఎలుకలకు రియోవైరస్ అనే పేగు వైరస్ ఎక్కించి చూశారు. దానివల్ల ఎలుకలకు పైకి జబ్బేమీ కనపడలేదు. కానీ సరిగ్గా అప్పుడే పేగులోకి వచ్చిన గ్లూటెన్‌ను రోగనిరోధక వ్యవస్థ ఆహారంలా కాక శత్రువులా గుర్తుపట్టడం మొదలుపెట్టింది. నాకు అన్నిటికన్నా ముఖ్యంగా తోచేది ఈ "అప్పుడే" అన్న మాట.

మనుషుల్లో నార్వే అధ్యయనం దీనికి దగ్గరగా వచ్చింది. జన్యు ముప్పున్న పిల్లల మలాన్ని మూడో నెల నుంచి మూడేళ్ల దాకా నెలనెలా పరీక్షించారు. తర్వాత సీలియాక్ వచ్చిన పిల్లల్లో, రక్తంలో ఆ జబ్బు యాంటీబాడీలు కనపడకముందే ఎంటిరోవైరస్ కొంత ఎక్కువగా దొరికింది, అదీ గ్లూటెన్ తినడం మొదలయ్యాక సోకినప్పుడు. ఎడినోవైరస్‌తో అలాంటి సంబంధం కనపడలేదు. ఇది సంబంధమే, కారణమని రుజువు కాదు.

మన దక్షిణాదిలోనూ ఆ జన్యువులు ఉత్తరాదిలో ఉన్నంతగానే ఉన్నాయి, జబ్బు మాత్రం చాలా తక్కువ. అన్నం తినే ఇళ్లలో గోధుమ తక్కువ కావడం ఒక ముఖ్య కారణం కావచ్చు.

పాప బరువు పెరగకపోయినా, రక్తహీనత తగ్గకపోయినా, పొట్ట ఉబ్బరం వదలకపోయినా సీలియాక్‌ను పసిగట్టే టీటీజీ అనే రక్తపరీక్ష గురించి పిల్లల డాక్టర్ని అడగండి. పరీక్ష అయ్యేదాకా చపాతీ, బిస్కెట్ మాన్పించవద్దు. మానేస్తే ఫలితం తప్పుగా రావచ్చు.