25 నిమిషాల టైమరు నిమిషంన్నర ఆలస్యంగా ఎందుకు మోగుతోంది?

సందేహం: పోటీ పరీక్షలకు చదువుకుంటున్నాను. ఫోన్‌లో టైమరు పెడితే అది మోగేలోపే చేయి వేరే యాప్‌ల మీదికి పోతోందని, ఆర్డునో (మనం రాసిన ప్రోగ్రాముతో నడిచే చిన్న సర్క్యూట్ బోర్డు) తరహా టైమర్ కిట్ తెప్పించి టంకం నేనే వేసుకున్నాను, ప్రోగ్రామూ నేనే రాసుకున్నాను. అయితే 25 నిమిషాలు పెడితే ప్రతిసారీ సుమారు నిమిషంన్నర ఎక్కువ పడుతోంది. విరామం తెలిపే ఆకుపచ్చ ఎల్‌ఈడీ వేలితో నొక్కితేనే వెలుగుతోంది. కరెంటు పోతే ఎన్ని విడతలు చదివానో లెక్క పోతోంది. ప్రోగ్రామునూ ఫొటోలనూ జతచేశాను.
– డిగ్రీ విద్యార్థిని, పర్లాకిమిడి, గజపతి జిల్లా

సమాధానం: ఆలస్యం ప్రతిసారీ ఒకేలా ఉందని మీరు కొలిచి రాయడం వల్ల కారణం తేలికగా దొరికింది. చిప్‌కు కాలం చూపే 16 మెగాహెర్ట్జ్ క్రిస్టల్‌లో లోపం లేదు. చిప్ దాన్ని వదిలి తనలోని 8 మెగాహెర్ట్జ్ గడియారంతో నడుస్తూ ఉంటే 25 నిమిషాలకు 50 నిమిషాలు పట్టేది. పొరపాటు ప్రోగ్రాములో ఉంది. సెకను గడపడానికి మీరు డిలే 1000, అంటే 1,000 మిల్లీసెకన్లు ఆగమనే ఆదేశం, రాశారు. బటన్ ఒక్క నొక్కుకే రెండు మూడుసార్లు పలకకుండా ఇంకో 50 మిల్లీసెకన్ల డిలే పెట్టారు. డిస్‌ప్లే మీద అంకెలు మార్చడానికి, మిగతా పనులకు మరో 10 పడుతున్నట్టుంది. అంటే మీ టైమరుకు సెకనంటే 1,060 మిల్లీసెకన్లు. 1,500 సెకన్లకు ఆ అదనపు 60 చొప్పున కలిపితే సరిగ్గా 90 సెకన్లు.

కాబట్టి సెకన్లను ఒక్కొక్కటిగా లెక్కపెట్టడం మానేసి, విడత మొదలైనప్పుడు మిల్లిస్ (చిప్ ఆన్ అయినప్పటి నుంచి గడిచిన మిల్లీసెకన్లను చెప్పే ఆదేశం) చూపే విలువను దాచుకోండి; ఆ తర్వాత ఎప్పుడు చూసినా ఇప్పటి విలువలోంచి దాన్ని తీసివేస్తే గడిచిన కాలం వస్తుంది, మధ్యలో ఇతర పనులు ఎంతసేపు పట్టినా లెక్క తప్పదు. దాచే చరరాశి తప్పక అన్‌సైన్డ్ లాంగ్ (పెద్ద సంఖ్యలు పట్టే రకం) కావాలి. మామూలు ఇంట్ 32,767 దాకానే పడుతుంది గనుక 33వ సెకనులోనే లెక్క తలకిందులవుతుంది. మిల్లిస్ దాదాపు 50 రోజులకొకసారి సున్నాకు వచ్చినా ఈ తీసివేత చెడదు.

ఎల్‌ఈడీ తిరగేసి పెట్టి ఉంటే ఎంత నొక్కినా వెలిగేది కాదు. నొక్కితే వెలుగుతోందంటే టంకం అతకలేదన్నమాట. మీ ఫొటోలో ఆ కాలి దగ్గర టంకం మెరుపు లేకుండా, పూసలా గుండ్రంగా నిలిచి ఉంది. మంచి అతుకు కాలి చుట్టూ బోర్డు మీది లోహపు పళ్లెంలోకి (ప్యాడ్) జారిన చిన్న గోపురంలా ఉంటుంది. గుణుపురంలో నేను కట్టిన మొదటి కిట్‌లోనూ ఇదే జరిగింది: వానాకాలమంతా సంచిలో ఉండిపోయిన విడిభాగాల కాళ్లు తేమకు మసకబారి, టంకాన్ని పట్టుకోలేదు. కరెంటు తీసేసి, కాలిని బ్లేడుతో కొద్దిగా గీకి, ఫ్లక్స్ (టంకం బాగా అతుక్కునేలా చేసే లేపనం) రాసి, 350 డిగ్రీల ఐరన్ మొనను కాలికీ పళ్లేనికీ కలిపి రెండు మూడు సెకన్లు ఆనించండి. టంకం తీగను మొనకు కాదు, వేడెక్కిన ఆ అతుకుకు తాకించండి. సీసం కలిసిన 60/40 రకం 190 డిగ్రీల లోపే కరుగుతుంది. ఊది చల్లార్చకండి. పని అయ్యాక చేతులు సబ్బుతో కడుక్కోండి.

విడతల లెక్కను చిప్‌లోని ఈప్రామ్ అనే జ్ఞాపక భాగంలో రాస్తే కరెంటు పోయినా నిలుస్తుంది. అయితే ఒక్కో గడిలో లక్షసార్లు రాయవచ్చన్నదే తయారీదారు హామీ. ప్రతి సెకనూ ఒకే గడిలో రాస్తే 28 గంటల్లోపే ఆ హద్దు తీరిపోతుంది. విడత పూర్తయినప్పుడు మాత్రమే రాయండి. రోజుకు 20 విడతలు చదివినా 13 ఏళ్లు దాటుతుంది.

ఇటలీకి చెందిన ఫ్రాన్చెస్కో చిరిల్లో 1980ల చివర్లో టమాటా ఆకారపు వంటింటి టైమరుతో, 25 నిమిషాలు చదివి చిన్న విరామం తీసుకునే ఈ పద్ధతిని మొదలుపెట్టారు. వంటింటి టైమరులో లేని సౌకర్యం మీ దాంట్లో ఉంది: చదువు, చిన్న విరామం, నాలుగు విడతల తర్వాతి పెద్ద విరామం, ఈ మూడింటినీ ప్రోగ్రాము పైభాగాన విడి చరరాశులుగా పెట్టుకుంటే, లెక్కలకు 40, వ్యాకరణానికి 25 అని మీకు కుదిరినట్టు మార్చుకోవచ్చు. కొత్త ప్రోగ్రాము ఎక్కించాక మొదటి విడతను మాత్రం చేతి గడియారం పక్కన పెట్టి సరిచూడండి.