సామెతలు 26లో ఆ రెండు వచనాల గురించి

చిన్నీ,

నీ మెసేజ్ చదివాను తల్లీ. మారతహళ్ళిలో మీరు శనివారం పెట్టుకునే బైబిల్ స్టడీలో ఆ కుర్రాడు సామెతలు 26 తీసి, మూర్ఖుడికి వాడి తీరులోనే జవాబివ్వొద్దని 4వ వచనం, ఇవ్వమని 5వ వచనం, పక్కపక్కనే ఉన్నాయి ఏది నమ్మాలి అని అడిగితే నువ్వు గూగుల్ చేసి పది లింకులు గ్రూపులో పడేశావు, అలా చెయ్యకమ్మా, అతను అడిగింది నిన్ను.

అడగడం తప్పేం కాదు. పాతకాలం యూదు రబ్బీలు ఇలాంటి వచనాలు చూసే సామెతల పుస్తకాన్ని పక్కన పెట్టేద్దామా అనుకున్నారని వాళ్ళ పాత గ్రంథం తాల్ముదులోనే ఉంది. చివరికి ధర్మశాస్త్రం విషయమైతే జవాబు చెప్పు, లోకం విషయమైతే వదిలెయ్ అని తేల్చారు. నాకైతే అది సగమే అనిపిస్తుంది. నువ్వు రెండు వచనాల్నీ చివరిదాకా చదువు, మొదటిదాంట్లో భయం నీ గురించి, నువ్వూ వాడిలా అయిపోతావని, రెండోదాంట్లో భయం వాడి గురించి, తనే పెద్ద జ్ఞాని అనుకుని అక్కడే ఉండిపోతాడని. అంటే నోరు విప్పేముందు ఇది నా పరువు కోసమా, అవతలి మనిషి కోసమా అని చూసుకోవాలన్నమాట.

మోషేని చూడు. సంఖ్యాకాండం 12లో సొంత అక్క మిర్యాము, అన్న అహరోను తన మీద మాట్లాడితే ఒక్క మాట తిరిగి అనలేదు, భూమ్మీద అందరికంటే సాత్వికుడని రాసింది అక్కడే, పైగా మిర్యాముకి కుష్ఠు వస్తే బాగుచెయ్యి దేవా అని మొరపెట్టిందీ ఆయనే. అదే మోషే నిర్గమకాండం 32లో జనం మొక్కుతున్న బంగారు దూడని చూసి చేతిలో ఉన్న దేవుడిచ్చిన రాతి పలకలు కొండ కింద పగలగొట్టేశాడు. తనని అంటే ఊరుకున్నాడు, జనం పాడైపోతుంటే మాత్రం ఊరుకోలా.

ఈ శనివారం లింకులొద్దు. ఆ రెండు వచనాలూ అతన్నే పైకి చదవమను, తెలిస్తే చెప్పు, తెలీకపోతే తెలీదు చూసి చెప్తానని అందరి ముందే అను, అందులో చిన్నతనం ఏం లేదు.

ఇంకోటి, 1 కొరింథీ 3:19లో పౌలు జ్ఞానుల గురించి ఎత్తి చూపించిన మాట యోబు 5లో అతని స్నేహితుడు ఎలీఫజుది, ఆ ఎలీఫజు మీదే దేవుడు 42:7లో కోప్పడ్డాడు. మాట మంచిదే, కానీ ఎలీఫజు దాన్ని అన్నీ పోయి బూడిదలో కూర్చున్న యోబు మొహాన కొట్టాడు. ఆ కుర్రాడికి ఈమధ్యే ఉద్యోగం పోయిందన్నావు కదా, బైబిల్ తెరిచేముందు టీ ఇచ్చి కూర్చోబెట్టి ముందు ఆ సంగతి అడుగు.

బాబాయి