లోతు ఎంతో చెప్పు

చిరంజీవి సుజాతకు,

నీ వ్యాసం రెండుసార్లు చదివాను. ఆర్కిటిక్ సముద్రంలో సోవియట్ వాళ్లు పడేసిన అణు వ్యర్థాల గురించి తెలుగులో రాసేవాళ్లు తక్కువ. నువ్వు పూనుకున్నందుకు సంతోషం. కానీ మొదటి పేజీలోనే ఘోరం, దారుణం, మృత్యుఘోష కలిపి తొమ్మిదిసార్లు వచ్చాయి. వాళ్లు ముంచేసిన కె-27 అణు జలాంతర్గామి ఎంత లోతులో ఉందో మాత్రం ఎక్కడా లేదు.

దాదాపు 30 మీటర్లు. అంతే. పదంతస్తుల మేడ ఎత్తు.

ఆ పడవ కథ నీకు తెలుసు, అయినా వరుసగా చెప్పలేదు. దాని రియాక్టర్లను నీళ్లతో కాదు, సీసం, బిస్మత్ కలిసిన ద్రవలోహంతో చల్లబరిచేవారు. 1968 మేలో ఒక రియాక్టర్ దెబ్బతింది. రేడియేషన్ తగిలి తొమ్మిదిమంది నావికులు పోయారు. బాగుచేయడం కుదరక ఏళ్ల తరబడి ఒక పక్కన కట్టి ఉంచారు. 1982లో రియాక్టర్ల భాగాన్ని ఫర్ఫ్యూరాల్ అనే గట్టిపడే రసాయనం, తారు పోసి బిగించి, ఇంధనం లోపల ఉండగానే ఆర్కిటిక్‌లోని కారా సముద్రంలో, నోవయా జెమ్ల్యా దీవుల దగ్గర స్టెపొవోయ్ అఖాతంలో ముంచారు. పడవ పొడవు 109 మీటర్లు, నీళ్ల లోతు 30. ఏమవుతుందో ఊహించు. ముక్కు వెళ్లి అడుగుకు తగిలింది, తోక పైనే ఉండిపోయింది. టగ్‌బోటు వచ్చి గుద్దితేగానీ మునగలేదు.

ఇలాంటివి ముంచాలంటే కనీసం 4,000 మీటర్ల లోతు ఉండాలన్నది అప్పట్లో అంతర్జాతీయ అణుశక్తి సంస్థ మార్గదర్శకం. 30, 4,000. ఈ రెండంకెలూ పక్కపక్కన పెట్టు, నీ తొమ్మిది విశేషణాలూ కొట్టెయ్.

ఇంకో మాట. ఈ లెక్కలు బయటపెట్టింది ఏ గూఢచారో కాదు, రష్యా వాళ్లే. అంతకుముందు, సముద్రంలో వ్యర్థాలు పడేయడాన్ని అదుపుచేసే లండన్ ఒప్పందం సభ్యదేశాల ముందు సోవియట్ ప్రభుత్వం మేమేమీ పడేయడం లేదనే చెప్పింది. 1993లో అప్పటి రష్యా అధ్యక్షుడు యెల్త్సిన్ సలహాదారు అలెక్సెయ్ యాబ్లకోవ్ నాయకత్వంలో వచ్చిన నివేదిక ఆ గుట్టు విప్పింది. కారా సముద్రం చుట్టుపక్కల దాదాపు 17,000 అణు వ్యర్థాల డబ్బాలు, పదికి పైనే రియాక్టర్లు, వాటిలో కొన్ని ఇంధనంతో సహా. తమ ఇంటి చెత్త లెక్క తామే చదివి వినిపించడానికి ఎంత తెగువ కావాలో నీ వ్యాసంలో కనిపించాలి. నువ్వు దాన్ని ఒక్క వాక్యంలో దాటేశావు.

రష్యాను మాత్రమే దొంగను చేశావు, అదీ కుదరదు. బ్రిటన్, అమెరికా, ఫ్రాన్స్, బెల్జియం కూడా సముద్రాల్లో పారబోశాయి. సముద్రమే లేని స్విట్జర్లాండ్ కూడా తన వ్యర్థాలను అట్లాంటిక్‌లో వేసింది! కారా సముద్రంలో కనిపించే రేడియోధార్మిక సీజియంలో కొంత బ్రిటన్‌లోని సెల్లాఫీల్డ్ అణు ఇంధన కేంద్రం నుంచి ప్రవాహాలతో వచ్చిందే, కొంత బాంబు పరీక్షలది. గురివింద సామెత ఇక్కడ బాగా కుదురుతుంది, కానీ వాడకు. అందరూ వాడతారు.

ఇప్పుడు కష్టమైన చోటు. 1992 నుంచి 94 దాకా నార్వే, రష్యా శాస్త్రవేత్తలు కలిసి ఓడల్లో వెళ్లి నీళ్లు, మట్టి తీసి కొలిచారు. డబ్బాలు పడి ఉన్న అఖాతాల్లో, వాటి పక్కన మట్టిలో మాత్రం రేడియోధార్మికత ఎక్కువగా ఉంది. బయట సముద్రంలో తక్కువ. తర్వాత అణుశక్తి సంస్థ అధ్యయనం కూడా, అక్కడి జనానికి ప్రస్తుతం ముప్పు స్వల్పమే అంది. ఈ విషయం రాస్తే వ్యాసం చప్పబడుతుందని భయపడి వదిలేశావు కదూ? నేనూ నీ వయసులో ఇలాంటివి వదిలేసినవాణ్నే. రాయి. ప్రశ్న ఇవాళ్టిది కాదు, ఆ ఇనుము తుప్పు పట్టే కాలానిది. అలాగే ఈ విషం రేపు విశాఖ తీరానికి వస్తుందేమో అన్న పేరా తీసెయ్. దానికి ఆధారం లేదు. పాఠకుడి టెన్షన్ పెంచడానికి తెచ్చిన విశాఖ అది.

దేశాల సహకారం గురించి "ప్రపంచం ఏకం కావాలి" అని రాశావు. దానికి బదులు ఇది రాయి. 1993 అక్టోబర్లో రష్యా ఓడ ఒకటి జపాన్ సముద్రంలో సుమారు 900 టన్నుల ద్రవ వ్యర్థాలు పారబోసింది. జపాన్ మండిపడింది. అయితే రష్యా దగ్గర వాటిని శుద్ధి చేసే ఏర్పాటే చాలినంత లేదు. చివరికి జపానే డబ్బిచ్చి వ్లాదివొస్తోక్ దగ్గర తేలే శుద్ధి కేంద్రం కట్టించింది. ఆ నవంబర్లోనే లండన్ ఒప్పందం దేశాలు అణు వ్యర్థాలను సముద్రంలో వేయడాన్ని పూర్తిగా నిషేధించాయి. రష్యా దానికి ఒప్పుకోవడానికి 2005 దాకా పట్టింది.

కె-159 అనే ఇంకో అణు జలాంతర్గామిని కూడా చేర్చు. 2003 ఆగస్టులో తుక్కుకు లాక్కెళ్తుంటే బారెంట్స్ సముద్రంలో మునిగింది, అందులో ఉన్న పదిమందిలో తొమ్మిదిమంది చనిపోయారు. ఇంధనం లోపలే ఉంది. దీన్నీ కె-27నీ పైకి తీయాలని రష్యా, ఐరోపా వాళ్లు లెక్కలు వేసుకున్నారు. 2022లో యుక్రెయిన్ యుద్ధం వచ్చి ఆ పని ఆగిపోయింది.

పైకి తేలిన తోక దగ్గర మొదలుపెట్టి, మళ్లీ రాసి పంపు. పదిహేను వందల మాటలు దాటనీయకు. పేర్లు సరిచూసుకో, "స్టెపొవోయ్" ఒకచోట "స్టిపోవా" అయింది.

ఆశీస్సులతో,
మీ మాస్టారు