"యేసు కూడా ఒక అవతారమేనా?" అని అడిగితే ఏం చెప్పాలి

డిసెంబరు సండే స్కూలు పాఠాల కోసం మీరు అడిగినవి మూడు. శ్రీకూర్మం వెళ్లొచ్చిన పొరుగింటి పెద్దావిడ "దేవుడు మాకూ దిగొచ్చినాడు, మీకూ దిగొచ్చినాడు, ఇందులో తేడా ఏటమ్మా?" అన్నారు, అది ఒకటి. "దేవుడు క్షమించేస్తే సరిపోదా, పుట్టి చావడం ఎందుకు?" అని సండే స్కూలు పిల్లాడు అడిగింది రెండోది. "దేవుడు చచ్చిపోతే ఆ మూడు రోజులూ లోకాన్ని ఎవులు నడిపినారు?" అన్నది మూడోది. ఈ మూడూ ఒక్క చోటే ముడిపడి ఉన్నాయి కాబట్టి కలిపే చెప్తాను.

పెద్దావిడతో వాదన పెట్టుకోకండి. ఆవిడ అన్నదాంట్లో నిజం ఉంది. అవతారం అంటే దిగిరావడం, మన పాత క్రైస్తవ రచనల్లోనూ "నరావతారం" అన్న మాట వాడుకలో ఉంది. కాకపోతే ఆ ఒక్క మాటతో ఆగిపోతే వినేవాళ్ల మనసులో వేరే బొమ్మ నిలుస్తుంది. శ్రీవైష్ణవ పెద్దలు చెప్పేదాని ప్రకారం అవతార శరీరం మన శరీరంలా ప్రాకృతం (ప్రకృతి పదార్థంతో అయినది) కాదు, అది శుద్ధసత్త్వం, అంటే ప్రకృతి మలినం అంటని దివ్య పదార్థం. మనలాంటిది కాకపోవడమే అక్కడ దాని మహిమ. క్రైస్తవ విశ్వాసం సరిగ్గా దీనికి ఎదురు చెప్తుంది: ఆయన శరీరం అచ్చం మన శరీరమే, పాపం ఒక్కటే లేదు. అదీకాక అవతారాలు యుగయుగానికీ వస్తాయి, పని పూర్తయ్యాక ఆ రూపం ఉపసంహారమవుతుంది. యేసు రావడం ఒక్కసారే, ఆయన తీసుకున్న మానవత్వాన్ని మళ్లీ వదలలేదు. గీతలో "పరిత్రాణాయ సాధూనాం" అని సాధువులను కాపాడటానికి రావడం ఉంది. 1 తిమోతి 1:15లో "పాపులను రక్షించుటకు" అని ఉంది. ఈ మూడు తేడాలూ మర్యాదగా, ఎవరి నమ్మకాన్నీ తక్కువ చేయకుండా చెప్పండి, చాలు. వాళ్ల దేవుణ్ణి కించపరిస్తేనే మన మాట నిలుస్తుందనుకునే బోధకులు లేకపోలేదు, కానీ అలా చెప్పిన మాట ఎవరి మనసుకూ ఎక్కదు.

మన బైబిల్లోనే ఒక చిన్న చిక్కు ఉంది, దాన్ని ముందే విప్పుకోవాలి. యోహాను 1:14 "ఆ వాక్యము శరీరధారియై" అంటుంది. తెలుగు చెవికి "ధారి" అనగానే "వేషధారి" గుర్తొస్తుంది. గ్రీకు మూలంలో ధరించడం లేదు, "సార్క్స్ ఎగెనెతో" అని ఉంది, అంటే మాంసం అయ్యాడు. మన తూర్పు భాగవతం ఆటలో సత్యభామ వేషం కట్టే మగమనిషిని తల్చుకోండి. రాత్రంతా ఆ జడ, ఆ నడక, ఆ కోపం చూస్తే ఆడమనిషి కాదని ఎవరూ అనలేరు. తెల్లారేసరికి జడ విప్పి, రంగు కడుక్కుని, లుంగీ కట్టుకుని టీ తాగుతుంటాడు. యేసు మనిషి కావడం ఇలాంటిదే అనుకున్నవాళ్లు తొలి శతాబ్దాల్లోనే ఉన్నారు. మనిషిలా కనిపించాడే గానీ మనిషి కాడన్నారు వాళ్లు. 1 యోహాను 4:2 అలాంటి మాటకే అడ్డుకట్ట. వేషమే అయితే సిలువ మీద దాహం కూడా నటనే అవుతుంది, ఆ నటన మనల్ని రక్షించదు.

ఇక అసలు పనిముట్టు. మన వైపు మాటలోనే అది సిద్ధంగా ఉంది: "ఎవులు?" (ఎవరు) "ఏటి?" (ఏమిటి) ఈ రెండు ప్రశ్నలూ వేరువేరుగా అడగడం పిల్లలకు నేర్పండి. యేసు ఎవులు? ఒక్కడే, తండ్రితో నిత్యం ఉన్న కుమారుడు. యేసు ఏటి? రెండు: పూర్తిగా దేవుడు, పూర్తిగా మనిషి. క్రీ.శ. 451లో సంఘ పెద్దలు కూడిన కల్కెదోను సభ తేల్చింది కూడా ఇదే, ఒక వ్యక్తి, రెండు స్వభావాలు. ఆ రెండూ కలగాపులగం కావు, మారిపోవు, ముక్కలు కావు, విడిపోవు. ఈ నాలుగు "కాదు"లూ గోడ మీద రాసిపెట్టండి. అది ఎలా సాధ్యమో ఆ సభ వివరించలేదు. ఎటు తిరిగితే గోతిలో పడతామో అటు కంచె వేసింది, అంతే.

ఆ కంచె ఒక్కరోజులో పడింది కాదు. అలెగ్జాండ్రియాలో అరియస్ అనే పెద్ద, కుమారుడు సృష్టించబడినవాడే అన్నాడు. 325లో నీకయ సభ అది కాదని, తండ్రిదీ కుమారుడిదీ ఒకే తత్వమని తీర్మానించింది. అపొల్లినారిస్ అనే బిషప్, యేసుకు మనిషి శరీరం ఉంది గానీ మనిషి మనసు లేదు, దాని చోట దైవవాక్యమే ఉంది అన్నాడు. 381లో కాన్‌స్టాంటినోపుల్ సభ దాన్ని తోసిపుచ్చింది. ఆ వాదానికి ఆ కాలపు బిషప్ నజియాంజస్ గ్రెగొరీ ఇచ్చిన జవాబు మీ రెండో ప్రశ్నకి ప్రాణం లాంటిది: ఆయన ఏది తీసుకోలేదో అది బాగుపడలేదు. మన మనసులోనే కదా పాపం మొదలయ్యేది, ఆ మనసునే ఆయన తీసుకోకపోతే దానికి వైద్యం ఎక్కడ? తర్వాత కాన్‌స్టాంటినోపుల్ బిషప్ నెస్టోరియస్ మరియను "దేవుణ్ణి కన్నతల్లి" అనకూడదన్నాడు. ఆయన మాట ఒప్పుకుంటే కడుపులో ఉన్నది ఒకరు, దేవుడు ఇంకొకరు అని రెండు "ఎవులు" అయిపోతాయి. 431లో ఎఫెసు సభ దాన్ని కాదంది. ఆర్‌సీఎం (రోమన్ కాథలిక్) వాళ్ల "దేవమాత" అన్న మాటకు మూలం ఇక్కడ ఉంది. బాప్టిస్టు, లూథరన్ సంఘాల్లో ఆ మాట వాడకపోయినా దాని వెనకున్న లెక్క అందరిదీ ఒకటే: మరియ కన్నది స్వభావాన్ని కాదు, వ్యక్తిని.

పిల్లలకి ఇన్ని పేర్లు అక్కర్లేదు, మీకు మాత్రం తెలిసుండాలి. ఎందుకంటే మనం వాడే పోలికలన్నీ ఈ పాత తప్పుల్లోకే జారతాయి. "పాలూ నీళ్లూ కలిసినట్టు" అంటే రెండూ కలిసిపోయి మూడోదేదో అయింది, ఐదో శతాబ్దపు సన్యాసి యుటికెస్ తప్పు అదే. "ఒక ఇంట్లో ఇద్దరున్నట్టు" అంటే అది నెస్టోరియస్ పేరు మీద ఉన్న తప్పు. "సగం దేవుడు, సగం మనిషి" అంటే రెండూ కాకుండా పోయాడు, మన సంఘాల్లో ఎక్కువగా వినపడే తప్పు ఇదే. పోలిక కావాలంటే కొలిమి దగ్గరికి తీసుకెళ్లండి. కమ్మరి నాగలి కర్రును నిప్పుల్లో పెట్టి తిత్తి ఊదితే ముందు నల్లగా, తర్వాత ఎర్రగా, ఆఖరికి నారింజ రంగుకి వస్తుంది. పట్టకారుతో పైకి తీసినప్పుడు ఆ కర్రు కోస్తుంది, కాలుస్తుంది కూడా. కోసేది ఇనుము గుణం, కాల్చేది నిప్పు గుణం, కర్రు మాత్రం ఒక్కటే. సుత్తి దెబ్బ తగిలితే వంగేది ఇనుము, నిప్పు కాదు. అలెగ్జాండ్రియా సిరిల్ లాంటి పూర్వపు గురువులూ ఈ ఇనుము-నిప్పు పోలిక వాడారు. ఇదీ ఒకచోట తెగుతుంది: నీళ్లలో ముంచితే కర్రు చల్లారిపోతుంది, యేసులో ఆ రెండూ అలా విడిపోవు. పోలిక ఎక్కడ తెగుతుందో కూడా చెప్పి ఆపండి, లేకపోతే పిల్లలు దాన్నే సిద్ధాంతం అనుకుంటారు.

అంతకంటే మంచిది వాక్యంలోంచే చూపించడం. మార్కు 4వ అధ్యాయం తీయండి. పడవ అమరంలో తలగడ మీద ఆయన నిద్రపోతున్నాడు. భావనపాడు, కళింగపట్నం వైపు పిల్లలకి అమరం అంటే చెప్పక్కర్లేదు, మీ చీపురుపల్లి పిల్లలకి పడవ వెనక భాగం అని చెప్పాలి. పొద్దుటినుంచీ బోధించి అలిసిపోయిన ఒళ్లు, అంత గాలివానలోనూ మెలకువ రాలేదు. లేచి గాలిని గద్దిస్తే అది అణిగింది. నిద్రపోయింది ఏటి? మనిషి. గాలిని ఆపింది ఏటి? దేవుడు. పడవలో ఉన్నది ఎందరు? ఒక్కరే. ఇదే పద్ధతిలో లూకా 2:52 (జ్ఞానంలో, వయసులో ఎదిగాడు), యోహాను 11 (ఏడ్చాడు, చచ్చినవాణ్ణి లేపాడు) చేయించండి. మూడో ప్రశ్న దానంతట అదే తేలిపోతుంది. సిలువ మీద చనిపోయింది ఎవులు? దేవుని కుమారుడే, ఇంకెవరో కాదు. ఏ స్వభావంలో చనిపోయాడు? మానవ స్వభావంలో. చావంటే లేకుండా పోవడం కాదు, శరీరం నుంచి ఆత్మ వేరవడం. దైవ స్వభావానికి చావు లేదు, లోకాన్ని నిలిపే పని ఒక్క గడియ కూడా ఆగలేదు. "దేవుడు చనిపోయాడు" అనడం తప్పు కాదు, "దైవత్వం చనిపోయింది" అనడం తప్పు. ఆ రెంటికీ మధ్య గీత సన్నంగానే ఉంటుంది, మీ నోట్సులో మాత్రం దాన్ని లావుగా గీసుకోండి.

ఇప్పుడు "క్షమించేస్తే సరిపోదా?" దీనికి తాకట్టు కంటే దగ్గరి దారి లేదు. మన జిల్లాల్లో వలస వెళ్లే ముందు పుస్తెలనో, పొలం కాగితాన్నో కుదువ పెట్టని ఇళ్లు తక్కువ, కాబట్టి విడిపించడం అంటే ఏమిటో అందరికీ తెలుసు. లేవీయకాండం 25:25లో ఒక చట్టం ఉంది: బీదతనంతో ఒకడు తన భూమి అమ్ముకుంటే అతని దగ్గరి బంధువు వచ్చి విడిపించాలి. రూతు 4వ అధ్యాయంలో బోయజు ఊరి గవిని దగ్గర పదిమంది పెద్దలను కూర్చోబెట్టి చేసింది అదే. విడిపించేవాడికి మూడు ఉండాలి: రక్తసంబంధం, ఆ సొమ్ము పెట్టుకునే స్తోమత, పెట్టాలన్న మనసు. అక్కడ బోయజు కంటే దగ్గరి బంధువు ఇంకొకడున్నాడు, వాడికి మొదటి రెండూ ఉన్నాయి. రూతును కూడా తీసుకోవాలనేసరికి, తన స్వాస్థ్యం పోతుందని వెనక్కి తగ్గాడు. మన విషయానికి వద్దాం. దేవుడికి స్తోమత ఉంది, మనసు ఉంది, కానీ మనకు బంధువు కాడు. మనుషులు బంధువులే, కానీ అందరూ తాకట్టులోనే ఉన్నారు. కాబట్టి దేవుడే బంధువయ్యాడు. హెబ్రీ 2:14 "రక్తమాంసములలో పాలివాడాయెను" అంటుంది. పాలివాడు అంటే మన వాటాదారే, దాయాదే. 1098లో ముగించిన తన గ్రంథంలో క్యాంటర్‌బరీ ఆర్చిబిషప్ ఆన్సెల్మ్ చెప్పిన లెక్కా ఇలాంటిదే: ఆ బాకీ తీర్చాల్సింది మనిషి, తీర్చగలిగింది దేవుడు, అందుకని దేవుడూ మనిషీ అయినవాడు తీర్చాలి.

అయితే బాకీ లెక్కతోనే ఆపేస్తే పాఠం సగమే అవుతుంది. పిల్లాడు అడిగింది న్యాయమైన ప్రశ్న. క్షమాపణ అపరాధాన్ని తీసేస్తుంది. కానీ మనిషికి పట్టింది అపరాధం ఒక్కటే కాదు, చావు పట్టింది, లోపలి స్వభావం చెడింది. విషం తాగిన కొడుకుని "పోనీలేరా, క్షమించాను" అంటే ఒంట్లోని విషం దిగదు. నాలుగో శతాబ్దంలో అలెగ్జాండ్రియా బిషప్ అథనేసియస్ దీనికి ఒక బొమ్మ పోలిక చెప్పాడు. చెక్క మీద గీసిన మనిషి బొమ్మ మరకలు పడి చెరిగిపోతే ఆ చెక్కను పారేయరు. ఆ మనిషే మళ్లీ వచ్చి ఎదురుగా కూర్చుంటే అదే చెక్క మీద తిరిగి గీస్తారు. మనం దేవుని పోలికలో చేయబడ్డవాళ్లం, ఆ పోలిక ఎవరిదో ఆయనే వచ్చి మన మధ్య కూర్చున్నాడు. ఈ రెండు పోలికలూ చెప్పండి, తాకట్టు ముందు, బొమ్మ తర్వాత.

ఇక్కడే ఎక్కువమంది చేసే పొరపాటు ఇంకొకటుంది. "జడ్జిగారు దోషిని వదిలేసి, ఏ పాపమూ తెలియని ఇంకొకణ్ణి ఉరి తీశాడు" అనే కథ చెప్తారు. అది విన్న పిల్లలకి తండ్రి అంటే భయం, యేసు అంటే జాలి పుడతాయి. అది సువార్త కాదు, అన్యాయం కథ. 2 కొరింథీయులు 5:19 ప్రకారం దేవుడే క్రీస్తులో ఉండి లోకాన్ని తనతో సమాధానపరచుకున్నాడు. ఆ శిక్షను భరించింది బయటినుంచి పట్టుకొచ్చిన మూడో మనిషి కాదు. శరీరధారణను తీసేస్తే సిలువ క్రూరత్వంగా మిగిలిపోతుంది. నాకు అన్నిటికంటే బాధ కలిగించే తప్పు ఇది.

పాఠాలు డిసెంబరు నాలుగు ఆదివారాలకి సర్దండి, ఒక్కోటి నలభై నిమిషాలు మించకుండా. మొదటి వారం పశువుల తొట్టితో మొదలుపెట్టకండి. అలా మొదలుపెడితే యేసు జీవితం బేత్లెహేములోనే మొదలైందని నాటుకుపోతుంది. యోహాను 1:1తో మొదలుపెట్టి 14 దాకా రండి. రెండో వారం పడవ, ఎవులు-ఏటి. మూడో వారం తాకట్టు, బొమ్మ. ఈ వారానికి నలభై నిమిషాలూ పూర్తిగా పెట్టుకోండి. నాటిక చేయిస్తే తొట్టిలో పెట్టిన ప్లాస్టిక్ బొమ్మ దగ్గర ఆగిపోకుండా, అదే బిడ్డ పెరిగి వడ్రంగి పని చేసిన సంగతి (మార్కు 6:3) ఒక్క రంగంగానైనా పెట్టించండి.

నాలుగో వారం పెద్దావిడ ప్రశ్నకు తిరిగి వస్తుంది. ఆయన మానవత్వాన్ని వదలలేదని చూపించేది ఇక్కడే. లేచిన తర్వాత శిష్యులు భూతమనుకుని భయపడితే చేతులూ పాదాలూ చూపించాడు, తినడానికి ఏమైనా ఉందా అని అడిగాడు (లూకా 24:36-43). ఆరోహణమైన ఎన్నో ఏళ్ల తర్వాత కూడా 1 తిమోతి 2:5 ఆయన్ని "క్రీస్తుయేసను నరుడు" అనే అంటుంది. ఈ రెండు వాక్యాలూ పిల్లల చేత గట్టిగా చదివించండి, వీలైతే ఆ రోజు పెద్దావిడను కూడా పిలవండి. వాళ్లు ఆయనకిచ్చింది కాల్చిన చేప ముక్క. ఏ చేప అని పిల్లలు తప్పకుండా అడుగుతారు. వాక్యంలో అది లేదు, కాల్చినదని, ఆయన తీసుకుని వాళ్ల ఎదుటే తిన్నాడని మాత్రం ఉంది.