మీరడిగారు, చెప్తున్నా: టోపీ లేని కౌబాయ్ కథ

ప్రశ్న: మేడమ్, పోయిన నెల మీరు 'సూపర్‌గర్ల్: ఉమన్ ఆఫ్ టుమారో' అనే కామిక్ పుస్తకం అసలు సిసలు కౌబాయ్ కథ అని ఒక్క ముక్క అనేసి వదిలేశారు. మీ మాట నమ్మి కొన్నా. ఎడారి లేదు, టోపీల్లేవు, అంతా అంతరిక్షమే. ఏ లెక్కన కౌబాయ్ కథ? - డిగ్రీ స్టూడెంట్, వరంగల్

జవాబు: డబ్బులు వాపస్ అడగట్లేదు, సంతోషం తమ్ముడూ. మొదటి సీన్ ఇంకోసారి తీసి చూడు. మారుమూల గ్రహం, అందులో ఓ తాగుడు కొట్టు. రాళ్లు పండించే రైతు కూతురు రూథీ, చిన్నపిల్ల, వాళ్ల నాన్నని క్రెమ్ అనేవాడు చంపేశాడు, వాణ్ని చంపిపెడితే ఈ కత్తి నీకిస్తా అని ఓ కిరాయివాడితో బేరం పెడుతుంది, వాడేమో పని చెయ్యకుండానే కత్తి లాక్కోబోతాడు, అప్పుడు లేస్తుంది ఫుల్లుగా తాగేసి ఉన్న ఒకమ్మాయి. ఆమే కారా, మన సూపర్‌గర్ల్. ఆ రోజు ఆమె 21వ పుట్టినరోజు. ఆమె పవర్స్ పసుపు సూర్యుడి నుంచే వస్తాయి, దాని కింద ఉంటే మందెక్కదు కాబట్టి పనిగట్టుకుని ఎర్ర సూర్యుడున్న గ్రహానికొచ్చి తాగుతోంది. అక్కడ పవర్స్ ఉండవు, అయినా తూలుతూనే వాణ్ని కుమ్మేస్తుంది. ఆ కొట్టుని తీసుకెళ్లి అరిజోనాలో పెట్టినా ఒక్క డైలాగు కూడా మార్చక్కర్లేదు.

చార్లెస్ పోర్టిస్ 1968లో రాసిన 'ట్రూ గ్రిట్' చదివినవాళ్లకి ఈ వాసన ఎక్కడిదో వెంటనే తెలిసిపోతుంది. అక్కడ 14 ఏళ్ల మ్యాటీ తండ్రిని చంపినవాడి కోసం ఒంటికన్ను తాగుబోతు మార్షల్‌ని (పోలీసు అధికారి లాంటివాడు) డబ్బిచ్చి కుదుర్చుకుంటుంది, ఆ కథంతా ముసలిదయ్యాక తనే చెప్తుంది. ఇక్కడ రూథీ కూడా అంతే, పెద్దయ్యాక రాసుకున్నట్టు చెప్తుంది, అదీ పాత గ్రాంథికం లాంటి ఇంగ్లీషులో. నాకు మొదటి ఇష్యూ, అంటే కథలో మొదటి భాగం, అయ్యేసరికి తల వాచిపోయింది, మూడోదానికి అలవాటైపోయింది, ఆఖరికొచ్చేసరికి ఆ భాష లేకపోతే ఇంత బాగుండేది కాదనిపించింది.

నాకు అసలు నచ్చింది మాత్రం ఇంకోటి. ఎగిరిపోయే మనిషికి దారి అనేదే ఉండదు కదా, రెండు నిమిషాల్లో వెళ్లి దొంగని పట్టుకొచ్చేస్తుంది, ఇంక కౌబాయ్ కథ ఎక్కడ? అందుకే రైటర్ టామ్ కింగ్ ముందు ఆమె కాళ్లు విరగ్గొట్టాడు. క్రెమ్ ఆమె ఓడ ఎత్తుకుపోతాడు, పోతూ పోతూ ఆమె కుక్క క్రిప్టోని విషం బాణంతో కొడతాడు, ఆ విషమేంటో తెలిస్తేనే కుక్కకి వైద్యం. అంటే పిల్లకేమో వాడు చావాలి, ఈమెకేమో వాడు ప్రాణాలతో దొరకాలి, ఇద్దరూ కలిసి అంతరిక్షంలో బస్సెక్కుతారు. అవును, బస్సే. పక్క సీట్లో ఎవరో, ఎప్పుడొస్తుందో తెలీని స్టాపు. గుర్రం మీద పదిరోజుల ప్రయాణం చెయ్యాల్సిన పని ఆ బస్సు చేస్తుంది.

మూడో ఇష్యూలో మేపోల్ అనే ఊరొస్తుంది చూడు, అది మళ్లీ చదువు. నీలం రంగు మనుషులు, చక్కటి వీధులు, అందరూ నవ్వుతూ పలకరిస్తారు, అడిగినదానికి మాత్రం ఒక్కడూ సూటిగా చెప్పడు. మెల్లగా బయటపడేదేంటంటే అక్కడ ఊదా రంగు మనుషులు కూడా ఉండేవాళ్లు, దోపిడీ ముఠా వచ్చినప్పుడు మమ్మల్ని వదిలెయ్యండి అని వాళ్లని అప్పజెప్పేశారు. అంత పవరున్న కారా ఆ వీధిలో నిలబడి ఎవణ్ని కొట్టాలి చెప్పు? షెరీఫ్ (ఊరి పోలీసు) లేడు, కోర్టు లేదు, ఊరంతా దోషే.

ప్రశ్న: గుర్రాలూ టోపీలతో ఉండే సూపర్‌హీరో కామిక్ లేదా మరి? - విశాఖ నుంచి ఒకరు

జవాబు: ఎందుకు లేదు, 1997లో సూపర్‌గర్ల్ కామిక్స్ వేసే డీసీ కంపెనీ వాళ్లే 'జస్టిస్ రైడర్స్' వేశారు, చక్ డిక్సన్ రాస్తే జె.హెచ్. విలియమ్స్ బొమ్మలేశాడు. వండర్ ఉమన్ అందులో షెరీఫ్, బూస్టర్ గోల్డ్ అనే ఇంకో హీరో జూదగాడు. ఒక్క పుస్తకంలో అయిపోతుంది, సరదాగా ఉంటుంది. కానీ నాకది ఫ్యాన్సీ డ్రెస్ పోటీలాగే అనిపించింది, వీడెవడో గుర్తుపట్టారా అన్నట్టు ఒక్కొక్కర్నీ దింపుతుంటారు. టోపీ పెట్టిన ఆ పుస్తకం కంటే టోపీ లేని ఇదే నాకు ఎక్కువ కౌబాయ్. అన్నట్టు గుర్రం ఇందులోనూ ఉందండోయ్, పేరు కామెట్, మెడకి కేప్ కూడా ఉంటుంది, ఎప్పుడొస్తుందో చెప్పను.

ప్రశ్న: మా కృష్ణగారి 'మోసగాళ్లకు మోసగాడు' రేంజ్‌లో ఉంటుందా? - తెనాలి అభిమాని

జవాబు: బుర్రిపాలెం పక్కనుంచి ఈ ప్రశ్న వస్తుందని నాకు తెలుసు! ఆ రుచి వేరండీ. 1971లో కె.ఎస్.ఆర్. దాస్ రాజస్థాన్ ఎడారిదాకా వెళ్లి తీసింది ఇటలీ కౌబాయ్ సినిమాల వరస, నిధి వేట, ఎత్తుకి పైఎత్తు, ఈలలు. ఇది ఏడుపు దాచుకుని నడిచే కథ. కారా చుట్టం సూపర్‌మ్యాన్ పసిగుడ్డుగా భూమికొచ్చేశాడు కాబట్టి వాళ్లు పుట్టిన గ్రహం క్రిప్టాన్ అతనికి గుర్తులేదు, కారాకి మాత్రం అంతా గుర్తే, తన ఊరు ఆర్గో కొంచెం కొంచెంగా చచ్చిపోవడం కళ్లారా చూసింది. ఆరో ఇష్యూ అంతా దాదాపు అదే. బ్రెజిల్ ఆర్టిస్ట్ బిల్క్విస్ ఎవ్లీ బొమ్మలు, మాథ్యూస్ లోపెస్ రంగులు ఆ పేజీల్లో మాటల కంటే ఎక్కువ చెప్తాయి. ఈలలకి ఛాన్స్ తక్కువ.

ప్రశ్న: మా పాపకి 11 ఏళ్లు, సూపర్‌గర్ల్ అంటే పిచ్చి. ఈ కథతో సినిమా కూడా తీశారు కదా, పుస్తకం కొనివ్వొచ్చా? ముందు కథలు తెలియాలా? - హైదరాబాద్ అమ్మ

జవాబు: ముందు కథలేం అక్కర్లేదండీ. సూపర్‌గర్ల్ 1959 నుంచీ ఉన్నా ఇది 2021, 22ల్లో వచ్చిన 8 ఇష్యూల విడి కథ, మొదలూ చివరా ఇందులోనే. కానీ ఇప్పుడే కొనకండి, తాగుడుంది, ఊళ్లకి ఊళ్లు నరికేసిన పేజీలున్నాయి. మీరు కొనుక్కుని చదివి అటక మీద పెట్టండి, ఓ నాలుగేళ్లాగి ఇవ్వండి. ఈలోపు అడిగితే క్రిప్టో బొమ్మలున్న పేజీలు మాత్రం చూపించండి, బాణం తగిలిన పేజీ తప్ప.